ప్రామాణిక పెరుగు

చిలకలగట్టు మీద గిరివిహార సంస్థ వారి కారవాన్ బండి ఆగిన చోట నేల సమంగా లేదు. కొండ మీద నేల సమంగా ఉండకపోవడం వింతేమీ కాదు. కొండను కొండ అనడానికి కారణమే అది. కాని సంస్థ వారి కాగితాల్లో ఆ చోటు పేరు 'సమతల వాహన ప్రాంగణం'. పేరు పెట్టి, బోర్డు పాతి, రిబ్బను కత్తిరించాక ఆ విషయంలో నేలకు వేరే అభిప్రాయం ఉండటానికి వీల్లేదు.

ఆ సంగతి తెలియని అతిథి భైరవమూర్తి గారు పొద్దున్నే లేచి, బండిలో ఉన్న ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల నుంచి వెచ్చటి గాలి వచ్చి ముఖానికి తగిలింది. మే నెల. బయట ఎండ ఇంకా ముదరలేదు గాని, ఫ్రిజ్‌లో అప్పుడే మధ్యాహ్నమైపోయింది.

ఆయనకు ఆ ఫ్రిజ్‌తో ఉన్న పని ఒక్కటే. చిన్న స్టీలు గిన్నెలో రాత్రి తోడుపెట్టిన పెరుగు.

భైరవమూర్తి గారు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భార్య శేషారత్నం పోయి రెండేళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో ఆమె కాపురానికి వస్తూ పుట్టింటి పెరుగు కాస్త చిన్న చెంబులో తెచ్చుకుంది. అప్పటి నుంచి ఏ రోజు పెరుగులోంచి ఆ రోజు ఒక చెంచా తీసి మర్నాటి పాలలో వేస్తూ వచ్చింది. ఆ వరస ఒక్కసారి కూడా తెగలేదు. ఇరుగుపొరుగు వాళ్ళ ఇళ్ళలో పెరుగు పాడైతే గిన్నె పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు. దీపాలు పెట్టాక పెరుగు బయటికి ఇవ్వకూడదంటారు కదా. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఆమె పెరుగివ్వడం మానేది కాదు, దీపం పెట్టడమే కాసేపు మానేది. చీకట్లో తడుముకుంటూ గిన్నెలో ఇంత వేసి పంపించి, అప్పుడు స్విచ్చి నొక్కేది.

ఆమె పోయాక భైరవమూర్తి గారికి వంట రాలేదు. ఇదొక్కటి వచ్చింది. పాలు కాచడం, వేలు పెడితే ఓర్చుకునేంత వెచ్చగా చల్లార్చడం, ఒక చెంచా తోడు వేసి మూత పెట్టడం. మర్నాడు మూత తీసినప్పుడు పెరుగు గడ్డగా తోడుకుని ఉంటే, ఇంట్లో ఇంకా ఎవరో పని చేస్తున్నట్టే ఉండేది ఆయనకు.

బతికుండగా ఆమె ఎన్నడూ ఊరు వెళ్ళి ఒక రాత్రి ఉండలేదు. ఎక్కడికైనా వెళదామంటే, "మనిద్దరం పోతే తోడెవరు వేస్తారండీ?" అనేది. ఆ ప్రశ్నకు తర్కశాస్త్రంలో జవాబు లేక ఆయన ఊరుకునేవారు. మొన్నామధ్య పేపరుతో పాటు ఒక కరపత్రం వచ్చింది: 'ఇల్లు వదలకుండా కొండ చూడండి! మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ మీ వెంటే!' అది చదివి ఆయన చాలాసేపు వంటింటి వైపు చూస్తూ కూర్చున్నారు. ఆమె అభ్యంతరానికి ఇన్నాళ్ళకు ఎవరో సమాధానం చెప్పారు. ఒక పాల ప్యాకెట్టు, పెరుగు గిన్నె పెట్టుకుని బయల్దేరారు.

ఇప్పుడు ఆ గిన్నె పట్టుకుని బండి దిగారు. డ్రైవరు పైడయ్య చక్రం పక్కన కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏటండి బాబూ, పొద్దున్నే గిన్నట్టుకుని బయల్దేరినారు?"

"ఫ్రిజ్ చల్లబడటం లేదు పైడయ్యా. ఎండెక్కితే ఇది పాడైపోతుంది. కొండ మీద పాలు కూడా దొరకవంటున్నారు."

"టీ కూడా పొడితోనేనండి ఇక్కడ. బండి వాలుగుంది కదండీ, మరేటి సల్లబడుద్ది. అడుగున సిన్న మంటుంటాది. ఆ ఏడికి లోపలి నీరు తిరగాల. బండి ఒరిగుంటే ఓ మూలన ఉండిపోద్ది."

"ఆ చక్రం కింద ఒక రాయి పెడితే?"

పైడయ్య పుల్ల నోట్లోంచి తీసి అటూ ఇటూ చూశాడు. "నాకు తెలీదేటండి? మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆఫీసోళ్ళకీ తెలుసు. కానీ ఆ మాట గట్టిగా అనకండి బాబూ."

ఆయన గట్టిగా అనకపోయినా మాట వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. కాసేపటికి ప్రాంగణ పర్యవేక్షకుడు జోగారావు చంకలో సంస్థ వారి నియమావళి పుస్తకంతో వచ్చాడు. నిద్ర ముఖం, గుండీలు తప్పిన చొక్కా. అయినా పుస్తకం తెరిచేసరికి గొంతు మారిపోయింది.

"'సమతలము కాని స్థలమున ఫ్రిజ్ నడుపరాదు. నడిపినచో లోపలి ద్రవము స్తంభించి, మితిమీరి వేడెక్కి, ఘాటైన వాయువు వెలువడి ప్రమాదము సంభవించగలదు.' విన్నారు కదా మాస్టారూ?"

"విన్నాను. చాలా సబబుగా ఉంది. అయితే ఆపేద్దాం."

"ఆగండాగండి. తరవాతి పేజీ కూడా ఉంది. 'అతిథి బండిలో ఉన్నంతవరకు ఫ్రిజ్ ఆపరాదు.'"

"నడపకూడదు, ఆపకూడదు. మరేం చెయ్యాలి?"

"పాటించాలండి," అన్నాడు జోగారావు.

భైరవమూర్తి గారు ఆ మాటను లోపల ఒకసారి తిప్పి చూసుకున్నారు. నలభై ఏళ్ళు క్లాసులో చెప్పిన పాఠంలో ఈ మూడో దారి ఎక్కడా లేదు.

"పోనీ చక్రం కింద రాయి..."

"రాయి అటవీ శాఖది. ముట్టుకోకూడదు."

"ఇటుక?"

"ఇటుక మా ఇంజనీరింగు విభాగానిది. వాళ్ళు గోడకిస్తారు గాని చక్రానికివ్వరు."

"నా పెట్టె ఉంది. పాతదే. అది పెడతాను."

"అతిథి సామాను చక్రం కింద నలిగితే ఇన్సూరెన్సు రాదండి."

"అయితే బండినే ఓ గజం ముందుకు జరపండి. అక్కడ నేల బాగానే ఉన్నట్టుంది."

జోగారావు ఆ గజం నేల వైపు చూశాడు. నిజంగానే బాగుంది. "బాగుంటుందండి. కాదనను. కాని అది సమతలమని ఎక్కడా రాసి లేదు. ఇది సమతలమని రాసుంది. రాసున్న చోటు వదిలి రాయని చోటికి బండిని పంపితే రేపు నన్నడుగుతారు."

అప్పుడే బండి లోపల నుంచి ముక్కులు అదిరే వాసన కొంచెం తగిలింది. భైరవమూర్తి గారు లోపలికి వెళ్ళి, కిటికీలన్నీ తెరిచి, గ్యాసు మీట తిప్పి ఫ్రిజ్ ఆపేసి వచ్చారు. జోగారావు ముఖంలోకి ప్రాణం వచ్చినట్టు కనిపించింది. ఆ వాసన అతనికీ భయమే. కాని వెంటనే పుస్తకం గుర్తొచ్చింది.

"అయ్యో మాస్టారూ! అతిథి ఉండగా ఆపేశారే! ఇది పైకి రాయాలండి ఇక."

పైకి రాశాడు. పై నుంచి ఉపసంచాలకులు పరాంకుశం గారు వచ్చారు.

పరాంకుశం గారు స్థూలకాయులు. సంస్థ ఉద్యోగుల ఇళ్ళ వరసలో చివరి ఇల్లు ఆయనది. 'ఇందుమూలముగా' అనకుండా మంచినీళ్ళు కూడా అడగరని చెప్పుకుంటారు. ఆయన గొడుగు వేసుకుని బండి చుట్టూ ఒకసారి నడిచారు. దిగువ వైపు నడిచేటప్పుడు పరుగులాంటిది వచ్చింది, ఎగువ వైపు ఆయాసం వచ్చింది. కాని ఆ రెండింటినీ ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

"ఫిర్యాదుదారు గారూ, ఈ స్థలమునందు వాలు ఉన్నదనుట మీ అభియోగం. వాలు ఉన్నదో లేదో నిర్ధారించుటకు రసమట్టం అవసరం. రసమట్టం కొనుగోలు టెండరు దశలో ఉన్నది. కావున ప్రస్తుతానికి వాలు ఉన్నదనుటకు గాని, లేదనుటకు గాని సంస్థకు అధికారం లేదు."

ఇక్కడే భైరవమూర్తి గారు పొరపాటు చేశారు. జీవితమంతా రుజువులు చూపించి బతికిన మనిషి. ఎదుటివాడు రుజువు లేదంటే చెయ్యి ఊరుకోలేదు. గిన్నె మూత తీసి చూపించారు.

"రసమట్టం ఎందుకండీ? ఇదుగో. రాత్రి బండిలో తోడుపెట్టాను. ఒక పక్క అంచు దాకా ఉంది, ఇంకో పక్క సగానికి దిగింది. ఎంత వాలుందో పెరుగే చెబుతోంది."

పరాంకుశం గారు గొడుగు మూసి గిన్నెలోకి వంగి చూశారు. తెల్లగా, గడ్డగా, ఒక పక్కకి ఒరిగి తోడుకున్న పెరుగు. మీగడ వాసన కమ్మగా వచ్చింది. ఆయన కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. తెరిచేసరికి మళ్ళీ అధికారి అయిపోయారు.

"జోగారావ్! ఇందుమూలముగా దీనిని స్వాధీనపరచుకో."

"పెరుగునాండి?"

"ఇది పెరుగు కాదయ్యా. సాక్ష్యం. సంస్థ చరిత్రలో మొట్టమొదటి వాలుమాపకం. గుడ్డ కట్టి, లక్క పోసి, సీలు వెయ్యి."

భైరవమూర్తి గారు గిన్నె మీద మూత పెట్టి పట్టుకున్నారు. "అయ్యా, తీసుకెళ్ళండి. కాని ఒక్క చెంచా నన్ను తీసుకోనివ్వండి. అది మా ఆవిడ..." మాట మార్చుకున్నారు. "తోడుకి," అన్నారు చివరికి.

"సాక్ష్యంలో చెంచాలుండవండీ," అన్నారు పరాంకుశం గారు. కటువుగా అనలేదు. నిబంధనను చదివి వినిపించే వాడి జాలి ఉంది ఆ గొంతులో.

గిన్నె ఆఫీసుకి వెళ్ళింది. వెనకే ఆయనా వెళ్ళారు. సీలు వేసిన గిన్నెను బీరువాలో పెట్టమన్నారు. జోగారావు బీరువా వైపు వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి చూసి, రేకు కాలుతుంటే వెనక్కి వచ్చి మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుకలో గిన్నెను మెల్లగా గుచ్చాడు. సాక్ష్యాన్ని తడి ఇసుకలో పెట్టాలని నియమావళిలో లేదు. పెట్టకూడదనీ లేదు. భైరవమూర్తి గారు ఆ పూట ఆ ఇసుకను చూసుకుని కాస్త స్థిమితపడ్డారు.

ఆ సాయంత్రమే విచారణ సంఘం ఏర్పడింది. ప్రతి విభాగమూ పెరుగును స్వతంత్రంగా పరీక్షించాలని తీర్మానమైంది. మొదట ఇంజనీరింగు విభాగం వచ్చి సీలు విప్పి నమూనా తీసుకుని మళ్ళీ సీలు వేసింది. తరవాత ఆరోగ్య విభాగం. తరవాత న్యాయ విభాగం. న్యాయ విభాగం వారు పెద్ద గ్లాసు తెచ్చారు. ఎందుకంత అంటే, అప్పీలుకు వెళ్ళాల్సి వస్తే మళ్ళీ కావాలి కదా అన్నారు. నమూనాలు తీసుకున్న వాళ్ళందరూ వాటి మీద జేబురుమాళ్ళు కప్పి ఇళ్ళ వైపు నడిచారు. ప్రయోగశాల అటే ఉంది కాబోలనుకున్నారు భైరవమూర్తి గారు.

మర్నాడు పరాంకుశం గారి గదిలో తీర్పు. గిన్నెను బల్ల మీద పెట్టారు. బల్ల తిన్నగా ఉంది, గిన్నె తిన్నగా ఉంది, అడుగున మిగిలిన పెరుగు మాత్రం ఒక మూలకి ఒరిగి ఉంది.

"అందరూ చిత్తగించవలెను," అని పరాంకుశం గారు లేచారు. "ఈ పెరుగు ఎక్కడ తోడుకున్నది? సమతల ప్రాంగణమునందు. అది సమతలమని మన సంస్థ అధ్యక్షులవారే ప్రకటించి యున్నారు. సమతలమునందు తోడుకున్న పెరుగు సమముగా తోడుకొనును. కావున ఈ పెరుగు సమముగా ఉన్నది. అటువంటి పెరుగు ఈ గదిలో వాలుగా కనబడుచున్నదనిన, వాలినది పెరుగు కాదు."

ఆయన బల్ల మీద ఒకసారి తట్టారు.

"మన ఆఫీసు," అన్నారు పరాంకుశం గారు.

అందరూ భైరవమూర్తి గారి వైపు చూశారు, తర్కం చెప్పిన మనిషి కదా అని. ఆయన ఆ వాదాన్ని మొదటి నుంచి చివరి దాకా వెతికారు. ఎక్కడా పగులు లేదు. మొదటి వాక్యం తప్పయితే తప్ప, మిగతాదంతా ఆయన మంచి విద్యార్థులు రాసిన జవాబు లాగే ఉంది.

"మొదటి మాట సరి చూసుకోండి," అన్నారాయన.

"మొదటి మాట అధ్యక్షులవారిదండీ. మా పరిధి రెండో మాట నుంచి," అన్నారు పరాంకుశం గారు.

బల్ల కాళ్ళ కింద ఒక వైపు ఇటుకలు పేర్చడం మొదలుపెట్టారు. గిన్నెలో పెరుగు సమంగా కనిపించేదాకా పేర్చారు. ఇటుకలు చక్రాల కింద నిషిద్ధం గాని, బల్లల కింద పెట్టకూడదని నియమావళి ఎక్కడా అనలేదు. అలా ఆ కొండ మీద మొదటిసారిగా ఒక బల్ల సంస్థ దృష్టిలో సమతలమైంది. దాని మీద పెట్టిన పేపర్‌వెయిట్ మెల్లగా దొర్లి కింద పడింది.

"చూశారా," అన్నారు పరాంకుశం గారు తృప్తిగా. "ఇన్నాళ్ళూ వంకర బల్ల మీద నిలబడటం అలవాటైపోయింది దానికి."

ఆ వారాన్ని 'సమతల వారోత్సవాలు'గా ప్రకటించారు. ఆఫీసు బల్లలు, కుర్చీలు, బెంచీలు, బీరువాలు ఒక వైపు ఇటుకల మీదికి ఎక్కాయి. తరవాత ఉద్యోగుల ఇళ్ళ వంతు వచ్చింది. మంచాలు, వంటింటి గట్లు, ఊయలలు కూడా. రాత్రి పడుకున్న చోట పొద్దున్న ఎవరూ లేరు. అందరూ కాళ్ళ వైపు ముద్దగా చేరి ఉన్నారు. పెనం మీద పోసిన దోసె ఒక పక్క కాగితంలా, ఇంకో పక్క దిబ్బరొట్టెలా కాలుతుంటే, భార్యాభర్తలు చెరో పక్కా తిని సర్దుకున్నారు. రోజూ ఉదయం ఆఫీసు ముందు అందరూ వరసగా ఒక వైపు వంగి 'సమతలమే నా ఊపిరి' అని ప్రమాణం చేశారు. నిటారుగా నిలబడ్డ గుమాస్తాకి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. జోగారావు ఒక కాలికి పాత చెప్పు, ఇంకో కాలికి రెండు చెప్పులు వేసుకుని తిరగడం నేర్చాడు. అతన్ని ఆదర్శ ఉద్యోగి అన్నారు.

కారవాన్ బండి ఉన్నచోటే ఉంది. దాని కింద ఒక గులకరాయి కూడా పెట్టలేదు. ఫ్రిజ్ ఆపే ఉంది.

భైరవమూర్తి గారు కొండ దిగి వెళ్ళిపోవచ్చు. పైడయ్య కూడా అదే అన్నాడు. "ఒగ్గీండి బాబూ, గిన్నె కోసం ఎండలో ఈ బాధేటి? ఊర్లోకెల్లి ఓ పెరుగు పేకెట్టు కొనుక్కుంటే పోద్ది కదా?"

"అది వేరే పెరుగు పైడయ్యా," అన్నారాయన.

పైడయ్య ఆయన ముఖం చూశాడు. ఆ రోజు నుంచి తన అన్నం క్యారియరులో ఆయనకీ ఒక వాటా తేవడం మొదలుపెట్టాడు.

రోజూ పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్ళి, వాలు బెంచీ మీద జారిపోకుండా అంచు పట్టుకుని కూర్చునేవారు.

"ఒక్క చెంచా, పరాంకుశం గారూ."

"విచారణలో ఉన్నదండీ."

"పులిసిపోతుంది."

"పులియుట కూడా విచారణ పరిధిలోనిదే."

అలా అంటూ ఆయన తల తిప్పేసుకునేవారు. ఆయన కళ్ళలో ఏదో ఇబ్బంది ఉన్నట్టు భైరవమూర్తి గారికి తోచేది. ఇటుకల మీది కుర్చీ వల్ల నడుం నొప్పేమో అనుకునేవారు.

వారోత్సవాల ముగింపుకి అధ్యక్షులవారు వచ్చారు. వేదిక కూడా ఇటుకల మీదే ఉంది. అధ్యక్షులవారి కుర్చీ సభ సాగుతున్నకొద్దీ అంగుళం అంగుళం దిగువకి జరుగుతుంటే, ఇద్దరు గుమాస్తాలు వెనక నుంచి పట్టుకుని నిలబడ్డారు. మెడలో వేసిన బంతిపూల దండ పొట్ట మీద ఉండకుండా చంకలోకి పోతోంది.

"ఇదేమిటయ్యా, ఈ దండ పక్కకి పోతోంది?"

"దండలకు ఇంకా శిక్షణ ఇవ్వలేదండీ," అన్నారు పరాంకుశం గారు.

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. మైకు కూడా వంగే ఉంది కాబట్టి ఆయనా వంగారు. వంగేసరికి ఎదురుగా ఉన్న ఆఫీసు, బల్లలు, సిబ్బంది, అందరూ ఆయనకి తిన్నగా కనిపించారు. "ఇంతటి సమతలం నేను విదేశాల్లో కూడా చూడలేదు!" అన్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ వదిలిన వాళ్ళు కొందరు బెంచీల చివరికి జారారు.

తరవాత ఆయన కారవాన్ బండి ఎక్కారు. ఎండకి చెమటలు కారుతున్నాయి. "చల్లగా ఏమైనా ఇవ్వండయ్యా," అని ఫ్రిజ్ తలుపు తీశారు. వెచ్చటి గాలి కొట్టింది. తీసిన తలుపు వాలుకి తనంతట తానే వచ్చి ఆయన మోచేతికి తగిలింది.

"ఇది ఫ్రిజ్జేనా?"

"అవునండీ. నిబంధనల ప్రకారం నడపకుండానూ, ఆపకుండానూ ఉంచవలసినది. ఫిర్యాదుదారు ఆపేశారు."

"పోనీ, ఆ పెరుగేదో ఉందన్నారుగా, ప్రామాణిక పెరుగు! తీయండి. కాస్త మజ్జిగైనా కలపండి. నాలుక పిడచకట్టుకుపోతోంది."

ఒక్కసారిగా విభాగాలన్నీ ఒకరి వెనక ఒకరు దాక్కోవడానికి ప్రయత్నించాయి. జోగారావు తడి ఇసుకలోంచి గిన్నె తెచ్చాడు. లక్క పగలగొట్టారు, గుడ్డ విప్పారు, మూత తీశారు.

గిన్నె ఖాళీగా ఉంది. ఖాళీ అంటే అలా ఇలా కాదు. అంచున ఎండిన చార కూడా లేకుండా, ఎవరో చూపుడు వేలితో చుట్టూ తుడిచినంత శుభ్రంగా.

"పెరుగేదయ్యా?"

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. "జారిపోయినదండీ."

"ఎక్కడికి?"

"దిగువకండీ."

"సీలు వేసుండగానేనా?"

"సీలు నిబంధనలకు లోబడే జారినదండీ."

అధ్యక్షులవారు ఆలోచనలో పడ్డారు. "జారింది అంటే మన ప్రాంగణంలో వాలు ఉన్నట్టేగా?"

"లేదండీ. పూర్వము ఉండేది. మన వారోత్సవాల వల్ల పోయినది. పోతూ పోతూ పెరుగును తీసుకుపోయినది."

"అదీ సంగతి," అని అధ్యక్షులవారు తేలికపడ్డారు. "మరి ఈ గొడవంతా ఎవరి వల్ల వచ్చింది? ఎవరో ఒకరి మీద చర్య ఉండాలి కదా."

ఒక్క నిమిషం అందరి చూపులూ గాల్లో తిరిగి, చివరికి ఫ్రిజ్ మీద వాలాయి. అది ఒక్కటే నోరు విప్పలేదు. విచారణ ముగిసేదాకా దాన్ని సస్పెండు చేశారు. అంతవరకూ బతకడానికి సగం గ్యాసు మంజూరైంది.

భైరవమూర్తి గారి చేతికి గిన్నె ఇచ్చారు. రసీదు మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయన గిన్నెలోకి ఒకసారి చూసి, మూత పెట్టి, పెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళారు. ఇంట్లో రేపు పొద్దున్న పాలు కాచి ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆమె ఇల్లు వదిలి ఎందుకు రాలేదో మాత్రం తెలిసింది.

సాయంత్రం బస్సుకి బయల్దేరారు. పొద్దు కుంకింది. పైడయ్య పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. "బాబూ, రోడ్డంట వద్దండి. ఆఫీసోళ్ళ ఇల్లెనక నుంచి పోదామండి. దగ్గరి దారి."

అది దగ్గరి దారేమీ కాదు. భైరవమూర్తి గారు వెనకే నడిచారు. ఇళ్ళ వరస మొత్తం చీకటిగా ఉంది. ఒక్క ఇంట్లోనూ లైటు లేదు. కరెంటు పోయిందేమో, లేక లైట్లు వాలుగా వెలుగుతున్నాయని ఆపించారేమో అనుకున్నారు.

మొదటి ఇంటి పెరటి తలుపు దగ్గర జోగారావు నిలబడి ఉన్నాడు. రెండు కాళ్ళకీ ఒక్కో చెప్పే ఉంది.

"మాస్టారూ, ఆ గిన్నె ఒకసారి ఇలా ఇవ్వండి." మూత తీసి, లోపల నుంచి తెచ్చిన గిన్నెలోంచి గడ్డ పెరుగు ఒక గరిటెడు వేశాడు. "మీదేనండి. ఆ రోజు సీలు వేసేటప్పుడు వేలికి అంటింది. చీకి చూస్తే... మా అమ్మ చేతి పెరుగు గుర్తొచ్చిందండి. ఓ చెంచా తీశాను. మా ఆవిడ కింద ఊళ్ళోంచి పాలు తెప్పించి రోజూ తోడేస్తోంది." గొంతు తగ్గించాడు. "ఆరోగ్య విభాగం వాళ్ళకి తెలియనివ్వకండి."

రెండో ఇంటి గోడ మీంచి ఆరోగ్య విభాగం వారి చెయ్యి వచ్చింది, గరిటెతో సహా. "ఇంజనీరింగు వాళ్ళకి చెప్పకండి సార్. నమూనా పరీక్షించాం. దివ్యంగా ఉంది." ఇంజనీరింగు వారి ఇల్లాలు ఇంకో గరిటెడు వేసి, న్యాయ విభాగం వాళ్ళకి తెలిస్తే బాగుండదంది. న్యాయ విభాగం వారు వేశాక, తాము వేయలేదని మాట తీసుకున్నారు. అందరి పెరుగూ గిన్నెలో పడి ఒకటే పెరుగుగా కలిసిపోయింది. మొదట అది ఒకటే కదా.

వరసలో చివరి ఇల్లు పరాంకుశం గారిది. పెరటి మెట్టు మీద ఆయన భార్య వైదేహమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చారా అన్నయ్య గారూ. ఎంతసేపటి నుంచో చూస్తున్నాను," అని లేచింది. "అందరికీ కబురు పెట్టాను, మీరు దాటేదాకా ఎవరూ లైటు వెయ్యవద్దని. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వకూడదు కదండీ."

భైరవమూర్తి గారు దగ్గరికి వెళ్ళారు. గిన్నె ముందుకు చాపారు.

లోపల చీకట్లో, వాలు మంచం అంచు పట్టుకుని ఒక పెద్ద ఆకారం కూర్చుని ఉంది.

"పరాంకుశం గారూ?" అన్నారాయన.

"నేను ఇంట్లో లేనండీ," అంది ఆకారం. తరవాత నెమ్మదిగా, "మీ ఆవిడ గారిది చాలా మంచి చెయ్యండీ," అంది. అందులో ఇందుమూలముగా లేదు.

వైదేహమ్మ గిన్నె నిండా వేసింది. ఆమె ఇంట్లో వంటింటి గట్టు ఇంకా ఇటుకల మీదే ఉన్నట్టుంది. ఆ పెరుగు కూడా గిన్నెలో ఒక పక్కకే ఒరిగి తోడుకుంది. పైన పడ్డ మీగడ తునక కూడా వాలుగానే నిలిచింది. భైరవమూర్తి గారు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, పెరుగు సమంగా కనిపించేదాకా కాస్త వాల్చారు. అలాగే పట్టుకుని మెల్లగా నడిచారు.

ఆయన గేటు దాటాక వెనక చివరి ఇంట్లో దీపం వెలిగింది. తరవాత దాని పక్కింట్లో. తరవాత ఒకటొకటిగా వరసంతా.